తీర్మానములను కంప్యూటరుచే వెదకించుట

ఇటీవల మేమొక గ్రామమునకు పోయినపుడు పంచాయతీ కార్యాలయమున ఒక వృద్ధురాలు కూర్చుండియుండెను. శ్మశానమునకు పోవు బాటను గూర్చి పూర్వము పంచాయతీ చేసిన తీర్మానపు నకలు ఆమెకు కావలెను. ప్రక్క పొలమువారు బాటలో కొంత దున్నివేసినారు. తీర్మానము దొరకనిదే అడుగుటకు ఆధారము లేదు. కార్యదర్శిగారు కంప్యూటరులో వెదకి, అట్టి తీర్మానమేదియు లేదనిరి.

లేదనుట వేరు, కనబడలేదనుట వేరు. ఈ భేదమును సభ్యులు గుర్తెరుగవలెనని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

నెలకొక సమావేశము చొప్పున చూచినను పదేండ్లకు 120 ఫైళ్లగును. ఒక్కొక్కటి తెరచి చదువుట కష్టము. కావున స్క్రిప్టు వ్రాయించుట మేలు. స్క్రిప్టు అనగా కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా వ్రాసిన ఆజ్ఞాపత్రము. 1991లో వెలువడిన పైథాన్ భాష దీనికి అనుకూలము, ఉచితము. సభ్యులు స్వయముగా వ్రాయనక్కరలేదు. కంప్యూటరు చదివిన యువకులచే ఏమి వ్రాయించవలెనో తెలిసిన చాలును.

స్క్రిప్టు ఫైళ్లను వరుసగా తెరచి, ప్రతి పుటలోని అక్షరములను బయటకు తీసి, మనము కోరిన మాట యున్నచో ఫైలు పేరును, పుట సంఖ్యను, ఆ వాక్యమును వేరొక పట్టికలో వ్రాయును. మూలమును ముట్టదు. పట్టికను యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచుమని స్పష్టముగా చెప్పవలెను. లేనిచో తెలుగు అక్షరములకు బదులు అర్థము లేని గుర్తులు వచ్చుట కలదు.

చిక్కు ఇచ్చటనే మొదలగును. స్కాను చేసిన కాగితము పీడీఎఫ్ రూపమున నున్నను, అది ఛాయాచిత్రమే. అందు మనకు అక్షరములు కనబడును గాని స్క్రిప్టుకు ఒక్కటియు దొరకదు. అది మారు పలుకక తరువాతి ఫైలునకు పోవును. టెసరాక్ట్ అను ఉచిత సాధనము ఛాయాచిత్రము నుండి తెలుగు అచ్చక్షరములను చదువగలదు. కాని ప, వలను, ధ, థలను తారుమారు చేయుట కలదు; చేతివ్రాతను నమ్మదగినట్లు చదువలేదు. పాత ఖతులలో టైపు చేసినవి మరియొక తంటా. తెరపై చక్కని తెలుగే. లోపల నున్నవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. వానిని ముందుగా యూనికోడ్‌లోనికి మార్చవలెను. ఇక మన వ్రాతలోని వైవిధ్యము సరేసరి! ఒకరు "శ్మశానము" అని, మరొకరు "స్మశానం" అని వ్రాయుదురు. స్క్రిప్టు అక్షరమును చూచునే గాని అర్థమును చూడదు. కావున అన్ని రూపములను ఇచ్చి వెదకింపవలెను.

అందుచే దొరికిన వాక్యముల పట్టిక ఒక్కటి చాలదు. తెరచిన ప్రతి ఫైలునకు ఒక వరుస వేయించి, ఎన్ని పుటలున్నవో, ఎన్ని అక్షరములు చేతికి వచ్చినవో వ్రాయింపవలెను. అక్షరములు సున్న అయినచో ఎదుట "చదువబడలేదు" అని యుండవలెను. ఈ రెండవ పట్టికను చూడక "లేదు" అని ఎవరికిని జవాబీయరాదని మా అభిప్రాయము. దస్త్రములను సూచికలతో క్రమముగా నుంచవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టపు 4వ సెక్షను చెప్పుచున్నది. ఈ పట్టిక ఆ పనికిని అక్కరకు వచ్చును.

ఆ గ్రామమున ఒక డిగ్రీ విద్యార్థిచే స్క్రిప్టును ఇట్లు సవరింపించి మరల నడిపించితిమి. పదునాలుగు ఫైళ్లు చదువబడలేదని తేలెను. కార్యదర్శిగారు, ఇద్దరు సభ్యులు కూర్చుండి వానిని కంటితో చదివిరి. తొమ్మిదవ దానిలో "స్మశానం దోవ" అను పేర తీర్మానము కనబడెను. కార్యదర్శిగారు నకలుపై సంతకము చేసి, ఆ సాయంత్రమే వృద్ధురాలి యింటికి పంపిరి. బాట కొలతకు సర్వేయరు రావలసియున్నది.