స్పర్శనేంద్రియము – దవడ శస్త్రచికిత్స పిమ్మట ఇంటి సాధన

ఏకేంద్రియములు మొదలు పంచేంద్రియుడగు మానవుని వరకు సంసారజీవులందరికిని గల ఇంద్రియము స్పర్శన మొక్కటియే. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఇంద్రియమును రెండు విధములుగ చెప్పినది. శరీరమందలి అవయవము ద్రవ్యేంద్రియము. తెలిసికొను శక్తియు, దానిని విషయముపై నిలుపు ఉపయోగమును భావేంద్రియము. దవడకు శస్త్రచికిత్స జరిగినవారికి ఈ భేదము అనుభవమునకు వచ్చును.

క్రింది దవడ ఎముకలోని సన్నని కాలువగుండ ఒక నరము సాగి, గడ్డమువద్ద రంధ్రమునుండి వెలువడి, క్రింది పెదవికిని గడ్డమునకును స్పర్శజ్ఞానము నిచ్చును. ఇది అయిదవ కపాలనాడి శాఖ. పెదవిని కదల్చునది ఏడవది. కావుననే పెదవి కదలును గాని, దానిపై మెతుకు అంటినను తెలియదు. ఎముకను చీల్చి సరిచేయునప్పుడు నరము సాగుటయో నలుగుటయో కలదు. దాని తంతువులు తిరిగి పెరుగవలసివచ్చినచో రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగును. కొందరికి కొంత తిమ్మిరి నిలిచిపోవును. వ్రణముతో నరమునే తొలగించినచో సాధన దానిని మొలిపింపజాలదు.

వైద్యుడు అనుమతించిన పిమ్మట, అద్దము ముందు కూర్చుండి, శుభ్రమైన మెత్తని కుంచెతో దినమునకు పలుమారులు కొద్ది నిమిషములు అభ్యసింపవలెను. మతిజ్ఞానమునకు శాస్త్రము చెప్పిన నాలుగు మెట్లే ఇచట క్రమము:

1. అవగ్రహము: కన్నులు తెరచి, కుంచె తాకుటను గమనించుట.
2. ఈహ: కన్నులు మూసి, స్పర్శ నిలిచియున్నదా, కదలుచున్నదా, ఏ దిక్కునకు అని విచారించుట.
3. అవాయము: కన్నులు తెరచి, నిజము చూచి నిశ్చయించుకొనుట.
4. ధారణ: బాగున్న చెంపపై అదే స్పర్శను పొంది, ఆ గుర్తును మనసున నిలుపుకొనుట.

తరువాత బరంపురం పట్టుగుడ్డతో మృదుస్పర్శను, నూలు తుండుతో రూక్షస్పర్శను పోల్చవచ్చును. అష్టస్పర్శలలో శీతోష్ణములను మాత్రము తిమ్మిరి పెదవిపై పరీక్షింపరాదు. కాలినను తెలియదు.

అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనములో, ముఖవ్యాయామముతో పాటు ఇట్టి స్పర్శాభ్యాసము చేసినవారిని తిమ్మిరి తక్కువగ బాధించెను. నరము బాగుపడుట ద్రవ్యేంద్రియ విషయము. వచ్చిన కొద్దిపాటి సంకేతమును మనసు చదువ నేర్చుట ఉపయోగ విషయము. సాధన ఫలము ముఖ్యముగ రెండవదానియందే.

జైన గృహములలో మరికొన్ని జాగ్రత్తలు వలయును. కాచిన నీటిని, గంజిని చల్లార్చి, వేడిని చేతితో చూచిన పిమ్మటనే త్రాగింపవలెను. రాత్రిభోజన త్యాగము గలవారు ద్రవాహారమును పగటివేళ చిన్న చిన్న భాగములుగ పెక్కుమార్లు తీసికొనవలెను. రాత్రి మందుల విషయమును ముందుగనే వైద్యునితో మాటలాడుకొనవలెను. పుండు మానువరకు ఉపవాసమునకు తొందరపడరాదు. శరీరము ధర్మసాధనమే గదా!

వాపు, జ్వరము, మంటతో కూడిన నొప్పి హెచ్చినచో సాధన నాపి శస్త్రచికిత్స చేసిన వైద్యునికి చూపవలెను. గంజాం పల్లెలవారికి 1962లో స్థాపితమైన బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరలోనే కలదు. ఇంటివారు రోగిని తొందరపెట్టక, భోజనానంతరము పెదవిపై మిగిలినది మెల్లగ తెలుపుచు తోడ్పడుదురు గాక. నిత్యసాధనకు ఓర్పే మూలము.