కరెంటు బండికి పొగ లేదా?

ఈమధ్య మా ఓ.పి.కి ఒక ఆటో సోదరుడు వచ్చారు. వయసు నలభై ఎనిమిది. గుంటూరు నుండి పెదకాకాని మీదుగా మంగళగిరి వరకు పద్దెనిమిదేళ్లు డీజిల్ ఆటో నడిపిన మనిషి. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, తెల్లవారుజామున ఆగని దగ్గు. ఆరు నెలల క్రితం అప్పు చేసి కరెంటు ఆటో కొన్నారు. "సిస్టరమ్మా, ఇది పొగ రాని బండి అని చెప్పి అమ్మారు. మరి నా దగ్గు పోలేదేంటమ్మా?" అని అడిగారు. నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాము. అందుకే ఈ నెల పాఠం దీని మీద.

కొత్త బండ్ల గురించి మన ఊరివారికి ఒకరు చెప్పనక్కరలేదు. మల్లేశ్వరస్వామి గుడికి పూజ కోసం ఎక్కడెక్కడి బండ్లో వస్తాయి. ఇప్పుడు వాటిలో ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉన్నవీ కనబడుతున్నాయి. అవే కరెంటు బండ్లు. వాటికి పొగగొట్టమే లేదు కాబట్టి రోడ్డు మీద పొగ రాదు. ఇంతవరకు అమ్మేవారు చెప్పినది నిజమే.

అయితే ఆ బండి నడిచే కరెంటు ఎక్కడ నుండి వస్తుంది? కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ కేంద్రం మనలో చాలామంది చూసినదే. ఇప్పుడు దానికి డాక్టర్ నార్ల తాతారావు గారి పేరు ఉంది. 2023లో అక్కడ 800 మెగావాట్ల కొత్త యూనిట్ కూడా తోడైంది. అక్కడ మండేది బొగ్గు. మన దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. బొగ్గు కాలితే కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువు, నత్రజని వాయువులు, సన్నటి బూడిద వస్తాయి. మన దేశపు బొగ్గులో బూడిద పాలు మరీ ఎక్కువ. అంటే బండి పొగ పూర్తిగా పోలేదు. చాలా భాగం రోడ్డు మీద నుండి ఆ పెద్ద చిమ్నీకి చేరింది.

అలాగని రెండూ ఒకటే అనుకోవద్దు. లెక్క చూద్దాం. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కరెంటు స్కూటరు 100 కిలోమీటర్లు తిరగడానికి సుమారు 3 యూనిట్లు కావాలి. అంటే రెండు కిలోల పైచిలుకు. అదే దూరానికి పెట్రోలు స్కూటరు రెండు లీటర్లు తాగితే నాలుగున్నర కిలోలు దాటుతుంది. బ్యాటరీ తయారీలో అదనంగా కొంత పొగ ఖర్చవుతుంది గాని, బండి బాగా తిరిగితే అది తీరిపోతుంది. తిరగకుండా ఇంటి ముందు నిలబెట్టిన బండికి తీరదు.

ఊపిరితిత్తులకు మాత్రం కిలోల లెక్క ఒక్కటే చాలదు. పొగ మన ముక్కుకు ఎంత దగ్గరగా వస్తుందో అది ముఖ్యం. చిమ్నీ పొగ ఎత్తున లేచి చెదిరిపోతుంది. కానీ పూర్తిగా పోదు. అందులోని గంధకపు వాయువు గాలిలో సన్నటి రేణువులుగా మారి దూరపు ఊళ్లకు కూడా చేరుతుంది. డీజిల్ ఆటో పొగ అయితే సరిగ్గా వెనుక స్కూటరు మీద ఉన్న తల్లి ఒడిలోని బిడ్డ ముఖానికే కొడుతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉండే రేణువులు ఊపిరితిత్తుల అడుగుకు దిగుతాయి. అక్కడ నుండి రక్తంలోకి వెళ్లి గుండెకూ హాని చేస్తాయి. అందుచేత ఆసుపత్రుల దగ్గర, బడుల దగ్గర కరెంటు బండ్లు తిరగడం మంచిదనే మా అభిప్రాయం. టైర్ల అరుగుదల, రోడ్డు దుమ్ము మాత్రం ఏ బండికైనా తప్పవు. చేలలో పత్తి కట్టె తగులబెట్టిన సాయంత్రం ఏ బండి ఎక్కినా ఒకటే.

ఇక ఆ సోదరుని సంగతి. పద్దెనిమిదేళ్ల పొగతో శ్వాసనాళాలు ఇరుకై, గట్టిపడిపోయాయి. బండి మార్చితే ఇంకా పాడయ్యే వేగం తగ్గుతుంది గాని, పాడైనది మునుపటిలా కాదు. ఇన్‌హేలర్ మానవద్దని, బీడీ ముట్టవద్దని చెప్పాము. బీడీ మాట వచ్చేసరికి ఆయన తల దించుకున్నారు.

బ్యాటరీ ఎక్కడ ఛార్జింగు పెడుతున్నారని అడిగాము. వానకు తడుస్తుందని, పిల్లలు పడుకునే గదిలోనట! వెంటనే మాన్పించాము. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించారు. లిథియం బ్యాటరీ కాలితే వచ్చే పొగ విషవాయువు. మంట కంటే ముందు అదే ఊపిరి ఆపేయగలదు. పంచలో, గాలి ఆడే చోట, కంపెనీ ఇచ్చిన ఛార్జరుతోనే పెట్టండి. వీలైతే పగలు పెట్టండి. పగలు కరెంటులో సౌరవిద్యుత్తు కూడా కలుస్తుంది, రాత్రి బొగ్గు పాలు ఎక్కువ. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోసి తీసుకురండి. ఇంకు, టూత్‌పేస్టు పూయవద్దు. ఎన్నిసార్లు చెప్పినా పూసుకునే వస్తున్నారు.

కొన్ని చవక కరెంటు రిక్షాలలో ఉండేవి సీసపు బ్యాటరీలే. పాతవి పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ, ఆ మట్టి పసిపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. పాత బ్యాటరీని వీధిలో పాత ఇనుము కొనేవారికి వేయకుండా, అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి. తయారీదారులు వాటిని వెనక్కు తీసుకునే ఏర్పాటు చేయాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

వెళ్లేటప్పుడు ఆ సోదరుణ్ణి మరో మాట అడిగాము. "మరి పాత డీజిల్ ఆటో ఏం చేశావయ్యా?"

"మా బామ్మర్దికి ఇచ్చానమ్మా. ఇదే రోడ్డు మీద నడుపుతున్నాడు."

ఆ బామ్మర్దికి ముప్ఫయ్యేళ్లట. వచ్చే బుధవారం ఛాతీ పరీక్షకు ఆయన్ని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాము.