ముక్తాయింపులో ఖాళీలు – డప్పు నేర్చుకునే తమ్ముళ్లకు

వార్షికోత్సవం రిహార్సల్స్ మొదలుకాగానే డప్పు బృందంలో చేరతామని మీలో చాలామంది వస్తుంటారు. సంతోషం. దరువు రెండు మూడు రోజుల్లోనే పట్టేస్తారు కూడా. చిక్కంతా చరణం అయిపోయి పాట మళ్లీ పల్లవికి తిరిగే చోట వస్తుంది. అక్కడ వేసే ముక్తాయింపులో ఎన్ని దెబ్బలు పడితే అంత గొప్ప అన్నట్టు బాదేస్తారు. పాడేవాడికి ఊపిరి పీల్చుకునే సందుండదు, ఆడేవాళ్లకు అడుగు మార్చుకునే సందుండదు. ఊరేగింపుల్లో తీన్మార్ విని విని చేతులు అలా అలవాటు పడ్డాయని మా అనుమానం!

డప్పు అందరికీ ఒకేసారి దొరకదు కాబట్టి అన్నం ప్లేటు బోర్లించి రెండు పుల్లలతో సాధన చేయవచ్చు. స్టడీ అవర్‌లో మాత్రం వద్దు.

ముందు లెక్క. కాలితో సమానంగా నాలుగు అడుగులు వేయండి. ఒక్కో అడుగుకు త-క-ధి-మి అని నాలుగు అక్షరాలు, మొత్తం 16 గళ్లు. కుడిచేతి సిర్ర, ఎడమచేతి చిటికెన పుల్ల ఒకదాని తర్వాత ఒకటి పడాలి. అంటే 1, 3, 5 లాంటి బేసి గళ్లు సిర్రవి, సరి గళ్లు చిటికెన పుల్లవి. వేగానికి గోడ గడియారం చాలు. మొదట సెకనుకు రెండు గళ్లు, చేయి కుదిరాక నాలుగు.

ఇప్పుడు ప్రతి అడుగులో 'మి' వదిలేయండి. ఇది తేలిక. తర్వాత 'మి' కొట్టి 'త' వదిలేయండి. కాలు నేలను తాకే క్షణంలోనే చేయి ఆగాలి. ఇక్కడే చాలామంది ఖాళీని మింగేసి ముందుకు దూకుతారు. దీనికి మందు ఒకటే: ఖాళీ గడిలో కూడా ఆ వంతు వచ్చిన చేయి గాలిలో కదలాలి, చర్మాన్ని తాకకూడదు. నోటితో 'ఊ' అనండి. వారం తర్వాత మనసులో అనుకుంటే చాలు.

అసలు ముక్తాయింపుకు వద్దాం. త-ది-గి-ణ-తోం, ఐదు దెబ్బలు. దీన్ని మూడుసార్లు ఆపకుండా కొడితే 15వ గడిలో అయిపోతుంది. పల్లవి ఎత్తుకోవడానికి ఇంకా రెండు గళ్లు దూరంలోనే నిలబడిపోతాం. అదే 1 నుంచి 5 వరకు కొట్టి 6 వదిలి, 7 నుంచి 11 వరకు కొట్టి 12 వదిలి, 13 నుంచి మూడోసారి మొదలుపెట్టండి. చివరి 'తోం' 17వ గడిలో, అంటే తర్వాతి వరుస మొదటి అడుగు మీద సరిగ్గా పడుతుంది. ఆ రెండు ఖాళీలే మనల్ని అక్కడికి చేర్చాయి. పైగా మూడుసార్లూ సిర్రతోనే మొదలవుతుంది.

తబలా వాళ్లు ఇలా మూడుసార్లు కొట్టి ముగించడాన్ని తిహాయి అంటారు. మధ్యలో ఖాళీ ఉంటే దమ్‌దార్, లేకపోతే బేదమ్. దమ్ అంటే ఊపిరి. కర్ణాటక సంగీతంలో ఈ ఖాళీకి కార్వై అని పేరు. ఇదేదో పెద్ద కచేరీల విద్య అని మీరు జంకనక్కరలేదు. మనలో చాలామంది తాతలు ఊరి చాటింపుకూ చావుకూ వెట్టిగా డప్పు కొట్టినవాళ్లే. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఊరి పెద్దలు చెప్పేవారు. ఈ రోజు మన స్టేజీ మీద ఎక్కడ ఆపాలో డప్పు పట్టుకున్నవాడే నిర్ణయిస్తాడు. అందుకే ఈ ఖాళీల గురించి ఇంత పట్టుబడుతున్నాం.

ఇది వచ్చినవాళ్లకు ఇంకొకటి. మొదటి అడుగు మామూలు దరువు. 5, 6, 7 గళ్లలో త-కి-ట కొట్టి రెండు గళ్లు వదలండి. 10, 11, 12 కొట్టి మళ్లీ రెండు వదలండి. 15, 16, 17తో ముగించండి. రెండోసారి చిటికెన పుల్లతో మొదలవుతుంది కాబట్టి చేయి తడబడుతుంది. పది రోజులైనా పడుతుంది.

డ్రమ్ సెట్ వాయించే పూర్వ విద్యార్థులకూ ఇదే లెక్క. అయితే తాళపు పళ్లెం మోగుతూనే ఉంటుంది కనుక ఖాళీలో దాన్ని చేత్తో పట్టి ఆపాలి. డప్పుకైతే ముందు మంట దగ్గర బాగా కాచుకోండి. మెత్తబడ్డ చర్మం మీద ఖాళీ తెలియదు.

సాధనకు వచ్చేటప్పుడు పాడేవాణ్ణి కూడా వెంటబెట్టుకు రండి. పల్లవి మొదటి మాట హాయిగా అందిందా అని అతన్నే అడగండి. అందలేదంటే 12వ గడి దగ్గర మీరు తొందరపడ్డారన్నమాట.