పొట్టు, తొక్క, కుబుసం

చెల్లెళ్లూ, ఈ మధ్య ఏ వంట వీడియో చూసినా ఒకటే మాట: ‘పీల్ చేసుకోండి’. వెల్లుల్లికీ పీలే, బీరకాయకీ పీలే. నాకు మనసొప్పదమ్మా. వెల్లుల్లి ఒలుస్తాం. బీరకాయ చెక్కు తీస్తాం. చేపకు పొలుసు గీకుతాం. నానిన మినప్పప్పును పిసికి పొట్టు కడుగుతాం. వేళ్లతో వచ్చేదేదో, కత్తిపీట కావలసిందేదో ఆ మాటే చెప్పేస్తుంది. కొత్తగా కాపురం పెట్టిన పిల్లకు అంతకన్నా ఏం కావాలి?

వడ్లనే చూడండి. పైన ఊక, దాని కింద తవుడు. ఉత్త ఊకను ఎంత దంచినా బియ్యపు గింజ రాదు కనుకే సారంలేని ప్రసంగం ఊకదంపుడైంది. ఊకకు ‘ఉమక’ అనే రూపమూ ఉంది. తమిళుల ‘ఉమి’తో దాని చుట్టరికం వినగానే తెలుస్తుంది. మన పాలు కన్నడంలో హాలు అయ్యాయి కదా, పొట్టు కూడా అలాగే ‘హొట్టు’ అయింది. చుండ్రును వాళ్లు ‘తలెహొట్టు’ అంటారు, అంటే తలపొట్టు. ఎంత ముచ్చటైన మాటో!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కుబుసం. పాము విడిచే పొర అనే మనకు తెలుసు. కానీ ఆ మాట పుట్టింది రవికలోంచి! సంస్కృతంలో ‘కూర్పాసం’ అంటే ఒంటికి అతుక్కుని ఉండే రవికలాంటి తొడుగు. జనం నోళ్లలో అదే కుబుసమైంది. కన్నడంలో ‘కుప్పస’ అంటే ఇప్పటికీ రవికే. ఉత్తర కర్ణాటకలో సీమంతం వేడుకనే ‘కుబస’ అంటారు. సంస్కృతంలో ‘కంచుకం’ కూడా అంతే, రవికా అదే, పాము కుబుసమూ అదే. ఈ పేరు పెట్టినవాళ్లు పామును ఎంత దగ్గరగా చూశారో మరి. కుబుసం మూతి దగ్గర చిట్లి, బిగుతు రవిక విప్పినట్టు, లోపలి వైపు బయటికి తిరగబడుతూ ఊడుతుంది. పాముకు రెప్పలుండవు, కళ్లమీద అద్దంలాంటి పొలుసు ఒకటి ఉంటుంది. కుబుసంతోపాటు అదీ ఊడి వస్తుంది.

ఇంగ్లీషు మాటలకూ చరిత్ర లేకపోలేదు. లాటిన్‌లో ‘పిలుస్’ అంటే వెంట్రుక. ‘పీల్’ మూలం అదే, మొదట్లో దాని అర్థం వెంట్రుకలు తీసేయడం. ‘స్కేల్’ అయితే మూడు ఇళ్ల బిడ్డ. చేప పొలుసు అనే అర్థంలో అది పాత ఫ్రెంచి మాట, పెంకు, పొట్టు అని. త్రాసు అనే అర్థంలో ఉత్తర ఐరోపా వాళ్ల గిన్నె. సంగీతంలోకి వచ్చేసరికి లాటిన్ నిచ్చెన.

ఒక్క మాట గట్టిగా చెబుతాను, వినండి. పిల్లాడి ఒంటిమీద ఏదైనా లేస్తే డాక్టరుగారి దగ్గర ‘స్కిన్ ప్రాబ్లం’ అని ఊరుకోకండి. సన్నగా పొట్టు రాలుతోందా, దళసరిగా పొలుసులు లేస్తున్నాయా, పెచ్చులుగా ఊడుతోందా, పుండు మానుతూ పక్కు కట్టిందా, మన మాటల్లోనే విడమరిచి చెప్పండి. ఆయన అడగబోయే ప్రశ్నలూ అవే.