రెండు అడవులు - రెండు తీర్లు

భూమికి ఉత్తరం కొసన చలి ఎక్కువ. అక్కడ ఒక పెద్ద అడవి ఉంది. దాని పేరు టైగా. రష్యాలో, కెనడాలో, అమెరికాకు చెందిన అలాస్కాలో ఈ అడవి పరుచుకుని ఉంది. ఇక్కడి చెట్ల ఆకులు సూదుల్లా సన్నగా ఉంటాయి. కాయలు పొలుసులు పొలుసులుగా ఉంటాయి.

అలాస్కాకూ రష్యాకూ నడుమ సముద్రం ఉంది. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 85 కిలోమీటర్లే. అటూ ఇటూ అదే చలి. అదే సూది ఆకు. పైకి చూస్తే రెండు అడవులూ ఒకటే. కార్చిచ్చు పుడితే తేడా తెలుస్తుంది.

కెనడా అడవి

ఇక్కడ నల్ల స్ప్రూస్ అనే చెట్టు ఎక్కువ. దాని కొమ్మలు నేల దాకా ఉంటాయి. వాటిలో జిగురు ఉంటుంది. కింద నిప్పు అంటుకుంటే చాలు, నిచ్చెన ఎక్కినట్టు చిటారుకొమ్మకు ఎక్కుతుంది. చెట్టు చస్తుంది.

మరి అడవి మళ్లీ ఎట్లా మొలుస్తుంది? చెట్టు కొసన కాయలుంటాయి. వాటిని జిగురు మూసి ఉంచుతుంది. మంట వేడికి జిగురు కరుగుతుంది. కాయ విచ్చుకుంటుంది. గింజలు రాలి మొలకెత్తుతాయి. తల్లి పోయినా పిల్లలు మిగులుతాయి.

సైబీరియా అడవి

రష్యాలోని తూర్పు సైబీరియాలో లార్చ్ చెట్టు ఎక్కువ. ముదిరిన లార్చ్ బెరడు దళసరిగా ఉంటుంది. కింది కొమ్మలు రాలిపోతాయి. అందుకని మంట చాలాసార్లు నేలమీదనే పోతుంది. కొమ్మలకు అందదు. పెద్ద చెట్టు మచ్చ పడినా బతుకుతుంది.

ఇంకో వింత చూడండి. సూది ఆకుల చెట్లు చాలావరకు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. లార్చ్ మాత్రం టేకులాగా ఏటా ఆకు రాలుస్తుంది. కొత్త ఆకులో తేమ ఎక్కువ. తొందరగా అంటుకోదు.

ఇప్పుడొచ్చిన ముప్పు

భూమి వేడెక్కుతోంది. అడవులు ఎండుతున్నాయి. 2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలిపోయింది. అంటే మూడున్నర కోట్ల ఎకరాలకు పైమాటే. పొగ అమెరికాలోని న్యూయార్క్ దాకా పోయింది. లేత చెట్లు కాయ కాయకముందే మళ్లీ మంట వస్తే గింజే ఉండదు. ఆ చోట వేరే చెట్లు మొలుస్తాయి.

సైబీరియాలో వెర్ఖోయాన్‌స్క్ అనే ఊరు చలికి పేరుపడింది. 2020 జూన్‌లో అక్కడ 38 డిగ్రీల ఎండ కాసింది. ఆ వైపు లార్చ్ వేళ్ల కింద నేల ఎప్పుడూ గడ్డకట్టి ఉంటుంది. పైనున్న నాచు దానికి దుప్పటి లాంటిది. నాచు కాలితే నేల లోతుగా కరుగుతుంది. వేల ఏళ్లుగా అందులో ఉన్న ఆకూ అలమూ కుళ్లుతుంది. దాన్నుంచి వచ్చే వాయువులు భూమిని ఇంకా వేడెక్కిస్తాయి.

చూశారా! ఒకచోట గింజకు ముప్పు. ఇంకోచోట నేలకు ముప్పు. అడవిని కాపాడాలంటే ముందు ఆ అడవి తీరు తెలియాలి.

చెప్పండి

1. నల్ల స్ప్రూస్ కాయ ఎప్పుడు విచ్చుకుంటుంది?
2. లార్చ్ మంటను ఎట్లా తట్టుకుంటుంది?
3. నాచు కాలితే నేలకు ఏమవుతుంది?