రాబందుల క్షీణత

పూర్వము మన దేశమున ఊరి వెలుపల పశువు మరణించినచో, చర్మమును ఒలుచుకొని కళేబరమును అచ్చటనే విడిచిపోయెడివారు. కొంతసేపటికే రాబందులు ఆకాశమున వలయములుగా తిరుగుచు దిగి, గంటలలో ఎముకలను మాత్రమే మిగిల్చెడివి. జనులు వాటి రూపమును అసహ్యించుకొన్నను, గ్రామమును శుభ్రపరచుటలో వాటికి సాటి లేదు. 1980 ప్రాంతమున అవి మన దేశమున కోట్లకొలది యుండెడివని అంచనా.

1990 తరువాత అవి వేగముగా కనుమరుగయ్యెను. 1992, 2007 సంవత్సరముల నడుమ తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి చొప్పున మాత్రమే మిగిలెను. ఆహారమునకు కొరత లేదు. వాటిని వేటాడు శత్రువులును లేరు. మరి కారణమేమి?

కారణము 2004లో తెలిసినది. పశువుల నొప్పిని, వాపును తగ్గించుటకు డైక్లోఫెనాక్ అను మందు ఆ దశాబ్దమున వాడుకలోనికి వచ్చెను. మందు పొందిన కొలదిదినములలోనే పశువు మరణించినచో, మందు దాని మాంసమున నిలిచియుండును. దానిని తిన్న రాబందు మూత్రపిండములు చెడి మరణించును. ఒక్క కళేబరముపై పదులకొలది రాబందులు గుమిగూడును. కావున నూటికి ఒక్క కళేబరముకన్న తక్కువ విషపూరితమైనను జాతి నశించుటకు చాలునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

ఏ ప్రాణి సంఖ్యయైనను జననమరణముల తూకముపై ఆధారపడియుండును. ఎలుక ఏటికి పలుమార్లు ఈనును. ఎన్ని చచ్చినను ఆ లోటు త్వరలో పూడును. రాబందు ఇంచుమించు ఐదేండ్ల ప్రాయము వచ్చినగాని గుడ్డు పెట్టదు, పెట్టునదియు ఏటికొక్కటియే. దీర్ఘాయువే దాని బలము. పెద్దపక్షుల మరణములు కొంచెము హెచ్చినను ఆ లోటు తీరదు.

ఒక జాతి తగ్గుటతో ఇతరజాతుల తూకమును మారెను. కళేబరములు కుళ్ళసాగెను. వాటిని తిని ఊరకుక్కలు హెచ్చెను. కుక్కకాటువలన వచ్చు రేబిస్ వ్యాధి భయమును హెచ్చెను.

2006లో భారతప్రభుత్వము పశువైద్యమున డైక్లోఫెనాక్‌ను నిషేధించెను. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ అను మందు దానికి బదులుగా దొరకినది. హర్యానాలోని పింజోరులో రాబందులను పెంచి వృద్ధిచేయుచున్నారు. తెలంగాణమున బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనబడినవి. క్షీణత నెమ్మదించినది గాని, పోయిన కోట్లు తిరిగి రాలేదు. ఏటికొక గుడ్డు చొప్పుననే ఆ లోటు పూడవలసియున్నది.