అయాన్ల సైజు తెలిస్తే... మార్కులే కాదు, కొలువులూ!

2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లిన మోత్కూర్ అంతకుముందు నల్లగొండ జిల్లాలోదే. ఈ ప్రాంత విద్యార్థులకు నీటిలోని ఫ్లోరైడ్ పేరు చిన్నప్పటి నుంచే ఎరుక. ఆ ఫ్లోరైడ్ ఎముకల్లో ఎందుకు చేరుతుందో ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలోని 'అయానిక వ్యాసార్థం' పాఠం చెబుతుంది. ఎముక ఖనిజంలో ఉండే హైడ్రాక్సైడ్ అయాన్ వ్యాసార్థం సుమారు 137 పికోమీటర్లు, ఫ్లోరైడ్‌ది 133. రెండింటికీ ఆవేశం ఒకటే, సైజూ దాదాపు ఒకటే. అందుకే ఒకదాని చోటులో మరొకటి కుదురుకుంటుంది. 181 పికోమీటర్ల క్లోరైడ్‌కు అది అంత తేలిక కాదు.

పరీక్షలో ఎలా పోల్చాలి?

విలువలు బట్టీ పట్టనక్కర్లేదు. ముందుగా ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి.

* ఎలక్ట్రాన్లు సమానమైతే: ప్రోటాన్లు ఎక్కువున్నదే చిన్నది. ఆక్సైడ్ (140), ఫ్లోరైడ్ (133), సోడియం (102), మెగ్నీషియం (72), అల్యూమినియం (54)... ఈ అయాన్లన్నింటిలోనూ ఉన్నవి 10 ఎలక్ట్రాన్లే. ప్రోటాన్లు 8 నుంచి 13కు పెరిగేసరికి కేంద్రకం లాగే బలం పెరిగి సైజు తగ్గింది.
* ఒకే గ్రూపు, ఒకే ఆవేశమైతే: కిందికి వెళ్లేకొద్దీ పెద్దది. లిథియం 76, సోడియం 102, పొటాషియం 138.
* ఒకే మూలకమైతే: ధనావేశం పెరిగేకొద్దీ చిన్నది. ఫెర్రస్ కంటే ఫెర్రిక్ చిన్నది.

పీరియడ్‌లో కుడికి వెళ్తే సైజు తగ్గుతుందన్న పరమాణు సూత్రాన్ని అయాన్లకు గుడ్డిగా వాడొద్దు. మూడో పీరియడ్‌లో అల్యూమినియం అయాన్ 54 ఉంటే, దానికి కుడివైపునున్న సల్ఫైడ్ 184. చాలామంది తప్పు టిక్కు పెట్టేది ఇక్కడే. ఇంకో మెలిక: నీటిలో లిథియం అయాన్‌ను చుట్టూ ఉన్న నీటి అణువులు గట్టిగా పట్టుకుంటాయి. కాబట్టి దాని హైడ్రేటెడ్ సైజు సోడియం, పొటాషియంల కంటే ఎక్కువ, కదలిక తక్కువ.

ఈ పోలికలు పనికొచ్చే పోటీ పరీక్షల సంగతి చూస్తే, జేఈఈ మెయిన్‌లో కెమిస్ట్రీకి 25 ప్రశ్నలు, నీట్‌లో 45, టీజీ ఈఏపీసెట్‌లో 40.

పరీక్ష దాటాక

నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. సైజు చిన్నదై, ఆవేశం ఎక్కువైన అల్యూమినియం అయాన్, ఫ్లోరైడ్‌ను బలంగా పట్టుకోవడమే అందులోని కీలకం. బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవారికి నీటి పరీక్షల ల్యాబులు, ఫార్మా క్వాలిటీ కంట్రోల్ విభాగాలు తొలి మెట్టు. ఎమ్మెస్సీకి సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాస్తే నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ దగ్గర్లోనే ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చదవాలంటే జామ్ పరీక్ష రాయాలి. లిథియం అయాన్‌తో ముడిపడిన మరో దారి బ్యాటరీలు: మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల ప్రాజెక్టుకు 2023లో శంకుస్థాపన జరిగింది. బ్యాటరీ రంగంలోకి వెళ్లాలనుకునేవారు ఎలక్ట్రోకెమిస్ట్రీ మీద పట్టు పెంచుకోవాలి.

ఈ ఆదివారం పాత ప్రశ్నపత్రాల్లోని అయాన్ల ప్రశ్నలన్నీ ఏరి, టేబుల్ చూడకుండా వరుస పెట్టండి. ప్రతి జవాబు పక్కన కారణం ఒక్క వాక్యంలో రాయగలిగితేనే ఆ పాఠం వచ్చినట్టు.